చేప తినని కొంగ

జీపు తలుపు మూసుకోకముందే అప్పలకొండమ్మ దాని అంచు పట్టుకుంది.

లోపల ఆమె మొగుడు పరదేశి తల వంచుకుని కూర్చున్నాడు. లుంగీలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆవలో, ఊరి పక్క చిత్తడి చెరువులో, వల తీస్తున్నవాణ్ణి అలాగే గట్టు మీదికి లాక్కొచ్చారు. చొక్కా తొడుక్కోవడానికి కూడా ఆగలేదు.

"ఏటి సేసేడని తీసుకుపోతన్నారు బాబూ? మడిసిని సంపేడా, కొంప కాల్చేడా?"

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు ఫారెస్టు రేంజరు. "కొంగల్ని చంపాడు. చిన్న కేసేం కాదది."

చచ్చిన కొంగల్ని గట్టు మీద బారుగా పరిచారు. పెద్ద పక్షులు. బూడిద కలిసిన తెలుపు ఒళ్లు, నల్లటి రెక్కలు. కాళ్లు వెదురు పుల్లల్లా బిగుసుకుపోయాయి. ఆవ నీళ్లలో నిలబడ్డ నల్లతుమ్మల మీద గూళ్లున్నాయి. వాటిల్లో పిల్లలు మెడలు చాచి ఒకటే గీపెడుతున్నాయి. పొద్దున్నించి వాటికి తిండి తెచ్చినవాళ్లు లేరు.

ఫిర్యాదు ఇచ్చినాయన పక్కనే ఉన్నాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. వెంకటరమణమూర్తిది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. గెడ్డపాలెం ఆవ కింద పల్లపు పొలమంతా ఆయనే కొన్నాడు. గట్టు మీద 'పక్షుల విడిది' అని బోర్డు పెట్టించాడు. ఆదివారాలు కార్లలో జనం వస్తారు, కెమెరాలు బిగించుకుంటారు, ఆయన పాకలో టీ తాగి వెళతారు. ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవరు. బాబుగారంటారు.

"ఊరందరి ముందూ అన్నాడు వీడు," అన్నాడు మూర్తి. "'ఈ కొంగల్ని సంపి పాతరేత్తాను' అన్నాడా లేదా? అడగండి వీళ్లని."

అనడం నిజం. ఆవలో చేపల్ని వేలంలో పాడుకున్న పాటదారు దగ్గర పరదేశి కాపలా ఉంటాడు. పొద్దున లేస్తే గాలిని తిడతాడు, వానను తిడతాడు, వలలో పడ్డ పీతను తిడతాడు. కొంగల్ని తిట్టకుండా ఉంటాడా?

"అన్నాడు బాబుగారూ. నన్నూ సంపేత్తానంటాడు రోజుకోపాలి. సచ్చేనా నాను?"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. రేంజరు నవ్వలేదు.

"కొంగ తినేది చేప," అన్నాడు మూర్తి నెమ్మదిగా, లెక్క చెప్పినట్టు. "చేపలు కాసేది వీడు. కొంగతో ఇంకెవడికి పగ ఉంటుంది? చేపలో మందు కూరి పడేశాడు. అవి తిన్నాయి, చచ్చాయి."

అందరూ తలలూపారు. కొంగంటే చేపే. ఒంటికాలి మీద నిలబడి జపం చేసేది దేనికోసమో ఎవరికి తెలియదు?

జీపు కదిలింది. తలుపు అంచు గోళ్లను రాసుకుంటూ జారిపోయింది. అప్పలకొండమ్మ వెనక్కి తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. ముఖం కాలిన పెనంలా ఉంది.

"రాత్రి ఆవ సేపల పులుసు తిన్నోల్లు ఎంతమంది మీలో? సెప్పండి! సచ్చేరా ఎవులైనా? తలకాయలు తెగ ఊపుతన్నారు, మెడలు ఇరిగిపోను!"

"ఊరుకోవే," అని చిన్నమ్మలు చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకే పొలంలో కూలికి వెళతారు.

"ఊరుకుంటే ఆయన ఒత్తాడేటి?"

చిన్నమ్మలు చెయ్యి వదిలేసింది.

*

మర్నాడు అన్నం క్యారేజీ పట్టుకుని రేంజి ఆఫీసుకు వెళ్లింది. పరదేశిని వెనకవైపు గదిలో కూర్చోబెట్టారు. అరెస్టని ఇంకా రాయలేదట. పశువుల డాక్టరమ్మ కాగితం రాగానే రాస్తారట, ఆ మరునాడు కోర్టుకట, అట్నించి జైలుకట. ఇవన్నీ గుమ్మంలో కూర్చున్న గార్డు బఠాణీలు నములుతూ చెప్పాడు.

కిటికీ ఊచల్లోంచి పరదేశి చెయ్యి చాచి అన్నం వడ్డించిన మూత అందుకున్నాడు.

"నాను సెయ్యనేదే."

"నాకు తెల్దేటి? నువ్వు బొద్దింకని సంపడానికి సుట్టుపక్కలోల్లని పిలుత్తావు."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు తిరగబడేవాడు. ఇవాళ ముద్ద కలపకుండా అన్నం వంక చూస్తూ ఉండిపోయాడు. చెంప మీద ఎర్రటి గీతలు, వేళ్ల గుర్తులు. ఆమె వాటిని చూసింది. చూసినట్టు అతనికి తెలియనివ్వలేదు.

"సంపాలంటే నీటికాకుల్ని సంపుదును," అన్నాడు ఉన్నట్టుండి. "కడుపుమంటంతా ఆటి మీదే నాకు. మునిగితే సేప లేకుండా పైకి రావు, దొంగముండలు. అయ్యేమో హాయిగా ఉన్నాయి. ఈ కొంగలు నా వల దగ్గరికి ఎప్పుడొచ్చేయని?"

క్యారేజీ గిన్నె ఆమె చేతిలో ఆగిపోయింది.

"నీటికాకులు సావనేదా?"

"సచ్చినట్టు సూసేవా గట్టు మీద? అదే సెట్టు మీద గూళ్లు ఆటియ్యీ. కొంగలు పై కొమ్మన, అయ్యి కింద కొమ్మన."

చూడలేదు. బారుగా పరిచినవాటిలో నల్లటిది ఒక్కటీ లేదు. చేపలో మందు కూరితే చేప మీదే బతికే నీటికాకి ముందు చావాలి కదా. ఒకే చెట్టు, ఒకే ఆవ. చావు పై కొమ్మకే ఎందుకొచ్చింది?

"తిను," అంది. "మెతుకు మిగలకూడదు. నాను డాక్టరమ్మ కాడికి ఎల్లొత్తాను."

"దేనికి?"

"నీ కొంగలేటి తిన్నాయో అడగడానికి."

*

పశువుల ఆసుపత్రి వెనక సిమెంటు గట్టు మీద గోనెసంచి విప్పి ఉంది. వాసనకు అటెండరు దూరంగా వేపచెట్టు కిందికి పోయి నిలబడ్డాడు. డాక్టరు రాజశ్రీ చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటూ ఫోనులో ఎవరితోనో గొడవ పడుతోంది.

"విషం అని మీరు చెబితే నేను రాయడం ఏంటండీ? కోసి చూడొద్దా? ఐసు కూడా లేకుండా సంచిలో కుక్కి పంపారు. సాయంత్రం దాకా ఫోన్ చెయ్యకండి." ఫోను పెట్టేసి చూసింది. "నీకేం కావాలమ్మా? గేదా, మేకా?"

"నా మొగుడు కావాల."

రాజశ్రీకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత అటెండర్ని పిలిచింది. వాడు వేపచెట్టు కిందనుంచి కదల్లేదు.

"కాళ్లు నాను పట్టుకుంటాను," అంది అప్పలకొండమ్మ.

పక్షిని వెల్లకిలా పెట్టారు. కత్తి మెడ కింద నుంచి దిగింది. డాక్టరమ్మ తిండి సంచి చీల్చి లోపలున్నది పళ్లెంలోకి తీసింది. పసుపూ నలుపూ కలిసిన మెత్తటి ముద్దలు. వాటి మధ్య గుండ్రటి చిన్న చిన్న బిళ్లలు, చొక్కా గుండీల్లాగ. ముల్లు లేదు, పొలుసు లేదు. ఇంకొకదాన్ని కోసింది. అందులోనూ అదే. ఇంకొకటి. అదే.

"నత్తలు," అంది రాజశ్రీ. "ఈ బిళ్లలు నత్తగుల్ల మూతలు. చేప ఒక్కటీ లేదు."

"కొంగ సేప తినదా?"

"తినే కొంగలు తింటాయి. ఇది వేరు." డాక్టరమ్మ పక్షి ముక్కును రెండు వేళ్లతో మూసి పట్టుకుంది. "నాకూ చదువుకున్నదే గాని చేత్తో పట్టుకుని చూడటం ఇదే. చూడు, మూసినా మధ్యలో సందు ఉంది. నత్తగుల్ల కొంగ అంటారు. బురదలో ముక్కుతో తడుముకుని గుల్లను పట్టుకుంటుంది. గుల్ల పగలగొట్టకుండా కింది ముక్కు మొన లోపలికి దూర్చి మాంసం లాగేస్తుంది. పిల్లలకూ అదే తెచ్చి గూట్లో కక్కుతుంది."

ఏళ్ల తరబడి మోకాలిలోతు బురదలో వాటి పక్కనే నాట్లు వేసింది అప్పలకొండమ్మ. ఒక్కనాడూ ఆ ముక్కు చూడలేదు. తెల్లగా ఉంటే కొంగ, కొంగైతే చేప.

"మీ ఊళ్లో ఈ నత్తలెక్కడ ఎక్కువమ్మా?"

"వరిసేలల్లో. ఆవ కింద పల్లంలో..."

రాజశ్రీ పళ్లెం వంచింది. ఆ ముద్దలోంచి ఒక ఘాటు లేచింది, కుళ్లిన ఉల్లిపాయలో కిరసనాయిలు కలిపినట్టు. డాక్టరమ్మ ముఖం తిప్పుకుంది. అప్పలకొండమ్మ తిప్పుకోలేదు. ఆ వాసన ఆమెకు తెలుసు. మొన్న కూలి నుంచి వచ్చి సబ్బు అరిగేదాకా చేతులు రుద్దుకున్నా పోలేదు. ఆ రాత్రి ఎడంచేత్తో అన్నం తింది.

ఆ రోజు మేస్త్రీ నానాజీ బేసిన్లో ఇసుక పోసి, సంచిలోంచి నల్లటి గుళికలు దానిలో కలిపి, ఆడవాళ్లందరికీ తలా ఒక ప్లాస్టిక్ కవరిచ్చి చేతికి కట్టుకోమన్నాడు. వరి మొవ్వులో పురుగు పడింది, ఇది గుళికల ఎరువు, పురుగుకీ పైరుకీ రెండిటికీ ఇదే, పలచగా చల్లండి అన్నాడు. బాబుగారి పొలం. బారులో ముందు నడిచి మడి మడికీ గుప్పెడు గుప్పెడు విసిరింది అప్పలకొండమ్మే. ఆమె చెయ్యి సమంగా పడుతుందని పేరు.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఏటీ నేదు." పక్షి కాళ్లు వదిలేసింది. "ఇది ఏ మందో తెలియాలంటే ఏటి కావాల మీకు?"

"పరీక్షకు పంపాలి. నెలలు పడుతుంది. ఆ మందే నా ముందుకొస్తే వెంటనే చెప్పగలను."

*

పొలం గట్టు మీదికి ఎక్కేసరికే ఆమెకు కనబడ్డాయి. ఖాళీ గుల్లలు. గట్టు పొడవునా, ఒక్క పగులు లేకుండా, లోపల ఏమీ లేకుండా. మడిలో వంగి చూస్తే నీటి మీద నత్తలు తేలి ఉన్నాయి, మూతలు సగం తెరుచుకుని. వాటి మధ్య ఒక కొంగ ఇంకా తిరుగుతోంది. ముక్కు నీళ్లలో ముంచి, తడిమి, తల అదిలించింది. గొంతు కదిలింది. రెక్కలు విప్పి తుమ్మల వైపు ఎగిరింది. పిల్లల దగ్గరికి.

"ఏయ్! ఒగ్గేయ్! ఒగ్గేయవే!" అని అరిచింది అప్పలకొండమ్మ. కొంగకేం వినబడుతుంది.

రెండో మడి చివర ఆడవాళ్లు బారు తీరి ఉన్నారు. చేతులకు కవర్లు. నానాజీ బేసిన్లో ఇసుక కలుపుతున్నాడు, కర్రతో. చెయ్యి పెట్టడం లేదు. పరదేశికి పినతండ్రి కొడుకు వాడు. బాబుగారి పొలానికి మేస్త్రీ.

"రా వదినా, బేగి. రెండో దఫా. నువ్వు నేకపోతే సాలు వంకర పోతంది."

"ఏటి మందురా ఇది?"

"ఎరువే."

"ఎరువైతే నువ్వు కర్రెట్టి కలుపుతన్నావేటి? సెయ్యెట్టు."

నానాజీ నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగాడు. ఆడవాళ్లు కవర్లు కట్టుకున్న చేతుల వంక చూసుకున్నారు.

"సెయ్యెట్టరా! ఎరువు గదా!"

"అరవకే వదినా. బాబుగారు పాకలో ఉన్నారు."

ఆమె వంగి సంచి తిరగేసింది. పైన పేరూ బొమ్మా ఉండాల్సిన చోట చాకుతో గీకేసి ఉంది. అమ్మకూడని సరుకు. కింద మూల పుర్రె బొమ్మలో సగం మిగిలిపోయింది. చిన్నమ్మలు అది చూసి చేతి కవరు ఊడలాగింది. అది నేల మీద పడింది. అప్పలకొండమ్మ ఆ కవరు తీసి, సంచిలోకి ముంచి, సగం నింపి మూతి ముడేసింది.

"కాలవలో కడుక్కోండే సేతులు. మందూమాకూ లేకుండా సచ్చేరు."

"కూలి పోద్దే!" అంది బారులోంచి ఒకామె.

"పోనీయే!"

నానాజీ అడ్డం వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఎక్కడికి తీసుకెల్తావు? రేంజరు కాడికా? ఓపాలి ఆలోచించు. సంచీ నాది కాదు, పొలం నాది కాదు. సల్లింది ఎవులు? ముందు నడిచింది నువ్వే. అన్నని ఇడిసి నిన్ను కూకోబెడతారు. అంతే తేడా."

ఆమె కవరు బొడ్లో దోపుకుని వాణ్ణి తప్పుకుని నడిచింది. వాడు చెప్పింది నిజమే కాబట్టి కోపం రెట్టింపైంది.

*

మూర్తి కారు ఆమెను రోడ్డు మీద పట్టుకుంది. ఆయనే స్వయంగా వెనక తలుపు తీశాడు.

"ఎక్కమ్మా. నేనూ రేంజరు దగ్గరికే."

ఆమె ఎక్కింది. ముడేసిన కవరు బొడ్లో ఉంది. కారులో మల్లెల సెంటు. దాని కింద నుంచి ఆ ఘాటు లేచి వస్తూనే ఉంది. మూర్తి అద్దం దించాడు.

"నానాజీ చెప్పాడు. చూడు, దైవసాక్షిగా నాకు తెలీదు కొంగలు నత్తలు తింటాయని. బోర్డు పెట్టి, పాక కట్టించి, నా కొంగల్ని నేనే చంపుకుంటానా? అందరిలాగే చేపలే అనుకున్నాను. మీ ఆయన మీద అనుమానం రావడంలో తప్పేముంది?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే ఇంకా మండిస్తోంది.

"ఫిర్యాదు వాపసు తీసుకుంటాను. ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన విషమని రాసుకుంటారు. సాయంత్రానికి పరదేశి ఇంట్లో ఉంటాడు. ఆ కవరు మాత్రం నాకిచ్చెయ్."

ఇంట్లో ఉంటాడు. గుమ్మంలో కూర్చుని గాలిని తిడతాడు. ఇంతకన్నా ఏం కావాలి? ఆమె చెయ్యి బొడ్డు దాకా వెళ్లింది.

"మరి రెండో దఫా బాబుగారూ?"

"అదేంటి?"

"మిగతా మడులు. నత్తలు ఇంకా ఉన్నాయి. గూళ్లల్లో పిల్లలున్నాయి. ఆ నత్తలే పెడతాయి ఆటికి."

మూర్తి నిట్టూర్చాడు, మొండి పాపకు నచ్చజెప్పే మనిషిలాగ. "పంట వదిలేసుకుంటామా అమ్మా? సగం పొలానికి పడింది, సగానికి పడొద్దా? కొంగలదేముంది. మళ్లీ ఏడు మళ్లీ వస్తాయి."

"సల్లేది ఎవులు?"

"నువ్వు వద్దులే. ఇంకెవరినైనా పిలుస్తాడు నానాజీ."

అప్పలకొండమ్మ చెయ్యి బొడ్డు దగ్గర నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. ఒప్పుకుందనుకున్నాడు ఆయన.

*

మూర్తి ముందే ఫోన్ చేసినట్టున్నాడు, రేంజరు విడుదల కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. మూర్తికి కుర్చీ వేయించాడు. పరదేశిని లోపలి నుంచి తెచ్చారు. భార్యను చూసి, మూర్తిని చూసి, ఇద్దరూ కలిసి రావడం అర్థం కాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బల్ల మీద ఇంకో కాగితం ఉంది. డాక్టరమ్మది.

"నత్తలట," అన్నాడు రేంజరు, మూర్తితో. "చేపలు కావట. సరే, ఎక్కడో విషం తిన్నాయి, ఎక్కడో తేలలేదు. సార్ పెద్దమనసుతో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నారు. ఇక్కడ సంతకం పెట్టమ్మా, మీ ఆయన్ని తీసుకుపో."

అప్పలకొండమ్మ బొడ్లోంచి కవరు తీసి కాగితం మీద పెట్టింది. గదంతా ఆ ఘాటు కమ్మింది. రేంజరు కుర్చీ వెనక్కి జరిగింది.

"ఎక్కడో తేలిందండి. ఆవ కింద పల్లంలో. డాక్టరమ్మకి సూపించండి. ఆ కొంగల కడుపులో వాసనా ఇదీ ఒకటే."

"ఏయ్," అన్నాడు మూర్తి.

"రాయండి. వరిసేలో సల్లేరు. నత్తలు తిన్నాయి. నత్తల్ని కొంగలు తిన్నాయి. సల్లింది నాను."

గోడ దగ్గర పరదేశి కదిలాడు. "ఒలే, నీకేటైనా పిచ్చెక్కిందా? నోరు ముయ్యి!"

"నువ్వు నోరు ముయ్యి. నీ నోరు మూసుకుని ఉంటే ఇంతదూరం రాకపోదుం."

"ఈవిడకు మతి లేదు," అన్నాడు మూర్తి లేస్తూ. "మొగుడు లోపలుంటే ఆడమనిషి ఏమైనా అంటుంది. మీరవన్నీ రాయకండి."

రేంజరు కలం పట్టుకుని ఇద్దరినీ చూశాడు. డాక్టరమ్మ కాగితాన్ని చూశాడు. దాని నకలు జిల్లా ఆఫీసుకు వెళ్లిపోయిందని ఆయనకు తెలుసు. కవరు వాసన ఆయన బట్టలకు పట్టేస్తోంది.

"నీ మీద కూడా కేసు రాయాల్సి వస్తుందమ్మా. తెలిసే చెబుతున్నావా?"

"తెలిసే. నా పేరు ముందు రాయండి. దాని కింద మందు ఇచ్చినాయన పేరు రాయండి. నాది రాసి ఆయనది ఒగ్గేత్తే నాను ఒప్పుకోను."

"ఇచ్చింది ఎవరు?"

"బాబుగారు."

"బాబుగారంటే ఎవరు? పేరు చెప్పాలి."

ఎదురుగా మూర్తి నిలబడే ఉన్నాడు. ఆయన చొక్కా జేబులో బంగారు రంగు కలం మెరుస్తోంది. ఆ ముఖంలోకి ఆమె ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"వెంకటరమణమూర్తి," అంది. గారూ లేదు, బాబూ లేదు. "అనకాపల్లిలో బెల్లం యాపారం. గెడ్డపాలెం ఆవ కింద పొలం ఆయనదే."

రేంజరు మూర్తి వంక ఓసారి చూసి కలం కాగితం మీద పెట్టాడు. రాయడం అయ్యాక రేంజరు దాన్ని ఆమె వైపు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు.

"ముందు సదవండి," అంది.

ఆయన చదివాడు. వరిచేను, గుళికలు, నత్తలు, కొంగలు, ఆమె పేరు, అన్నీ స్పష్టంగానే చదివాడు. ఆఖరి వాక్యంలో పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

"ఆ ముక్క ఇనబడనేదు," అంది అప్పలకొండమ్మ. "మల్లీ సదవండి."